ఆటగాడిని తీర్చిదిద్దుట: బాస్కెట్‌బాల్ కోర్టు నేర్పే పాఠము



మన సంఘములున్న పట్టణములలో చాలాచోట్ల ఒక బాస్కెట్‌బాల్ కోర్టు కనిపిస్తుంది. మిషన్ హైస్కూలు ఆవరణలోనో, రైల్వే కాలనీలోనో, మునిసిపాలిటీ మైదానములోనో రెండు స్తంభాలు, రెండు బోర్డులు, తుప్పు పట్టిన రెండు రింగులు ఉంటాయి. సాయంకాలము కాగానే పిల్లలు అక్కడికి చేరతారు. తెలుగు ఇంటి పిల్లలు, కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ ఇళ్ళ పిల్లలు ఒకే జట్టులో ఆడతారు. వారికి నేర్పేవారు కూడ ఉంటారు. ఒకచోట డ్రిల్లు మాస్టారు గారు, మరొకచోట ఒకప్పుడు కాలేజీ జట్టులో ఆడిన అన్న, ఇంకొకచోట రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన.

ఈ పాఠమును వారి కోసమును, ఆ పిల్లల తల్లిదండ్రుల కోసమును, యౌవనస్థుల నాయకుల కోసమును వ్రాస్తున్నాము. మేము అడిగే ప్రశ్న ఒక్కటే. ఒక పిల్లవాడిని కోచ్ చేతిలో పెట్టినప్పుడు ఆ కోచ్ చేయవలసిన పని ఏమిటి? మ్యాచ్ గెలిపించుటయా, మరేదైనానా?

ఇది చిన్న ప్రశ్న కాదు. 13, 14 ఏళ్ళ వయస్సులో పిల్లలు తరచుగా ఇంట్లో చెప్పిన మాటకంటె కోచ్ చెప్పిన మాటనే ఎక్కువగా వింటారు. ఆ మాట పిల్లవాడిని నిలబెట్టగలదు. అదే మాట వాడికి ఆట మీదనే కాక తన మీద తనకే విరక్తి కలిగించగలదు. గనుక ఈ పనిని చక్కగా చేసినవారి నుండి మనము నేర్చుకొనవలెను.

1. ఈ ఆట పుట్టిన విధము

బాస్కెట్‌బాల్ ఎవరు కనిపెట్టారో స్పష్టముగా తెలిసిన ఆట. దీనిని కనిపెట్టినవారు జేమ్స్ నైస్మిత్ గారు. వీరు 1861లో కెనడా దేశములో పుట్టారు. 9 ఏళ్ళ వయస్సులోనే తల్లిని, తండ్రిని టైఫాయిడ్ జ్వరము వలన పోగొట్టుకొని మేనమామ ఇంట పెరిగారు. మధ్యలో చదువు మానివేసి అడవిలో కలప కొట్టే పనికి వెళ్ళారు. మరల తిరిగి వచ్చి చదువుకున్నారు. వేదాంత విద్య ముగించిన తరువాత, సేవకు ప్రసంగ వేదిక ఒక్కటే దారి కాదని, ఆటస్థలములో కూడ యౌవనస్థులకు మేలు చేయవచ్చునని తలంచి, 1890లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణములో ఉన్న వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలకు వచ్చారు.

1891 చలికాలములో ఆ పాఠశాలలోని ఒక తరగతిని ఎవరూ అదుపు చేయలేకపోయారు. బయట మంచు, లోపల రోజూ అదే కవాతు, అదే కసరత్తు. విద్యార్థులు విసిగిపోయారు. 14 దినములలో ఇంటి లోపల ఆడదగిన కొత్త ఆటను తయారు చేయవలెనని పై అధికారి లూథర్ గ్యూలిక్ గారు నైస్మిత్ గారికి చెప్పారు. ఆయన వ్యాయామశాల వసారా కమ్మీకి, నేలనుండి 10 అడుగుల ఎత్తున, పీచ్ పండ్ల బుట్టలు రెండు మేకులతో కొట్టించారు. 13 నియమములు వ్రాసి గోడకు అంటించారు. ఆ డిసెంబరు నెలలో 18 మంది విద్యార్థులు తొమ్మిదేసి మందిగా చీలి మొదటి ఆట ఆడారు. ఆ ఆటంతటిలో ఒక్కసారే బంతి బుట్టలో పడింది.

ఆ నియమములలో ఒక విషయము గమనించండి. బంతి పట్టుకొని పరుగెత్తకూడదు. భుజముతో గుద్దకూడదు, పట్టుకొనకూడదు, త్రోయకూడదు, కొట్టకూడదు. ఎత్తుగా ఉన్న బుట్టలోనికి బలముగా విసిరితే బంతి పడదు. నేర్పుగా, మెల్లగా వేయవలెను. అనగా కోపిష్ఠి కుర్రవాళ్ళ తరగతిని దండనతో కాదు, ఆట యొక్క ఏర్పాటుతోనే ఆయన అదుపులోనికి తెచ్చారు. ఈ ఆట మొదటినుండి మనుష్యుల నడవడిని దృష్టిలో ఉంచుకొని కట్టిన ఆట.

తరువాత నైస్మిత్ గారు 1898లో కాన్సస్ విశ్వవిద్యాలయమునకు వెళ్ళి, 1907 వరకు అక్కడి జట్టును నడిపించారు. లెక్క చూస్తే 55 ఆటలు గెలిచారు, 60 ఓడిపోయారు. ఆట కనిపెట్టినవారికే గెలుపులకంటె ఓటములు ఎక్కువ! అయితే ఆయన శిష్యులను చూడండి. ఆయన జట్టులో ఆడిన ఫాగ్ అలెన్ గారు అమెరికాలో పేరెన్నికగన్న కోచ్ అయ్యారు. 1930ల నాటికి జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి విద్యార్థి అక్కడ చదువుటకు వచ్చాడు. జాతి భేదము వలన అతనిని విశ్వవిద్యాలయ జట్టులో ఆడనీయలేదు. నైస్మిత్ గారు అతనిని దగ్గరకు తీసి శిక్షణ విద్య నేర్పారు. ఆ మెక్‌లెండన్ గారి జట్టు 1957, 1958, 1959 సంవత్సరములలో వరుసగా మూడుసార్లు జాతీయ పోటీలో గెలిచింది. కోచ్ పనిని కొలుచుటకు గెలుపు ఓటముల పట్టిక ఒక్కటే చాలదని దీనినిబట్టి తెలుస్తుంది.

మన దేశములో ఈ ఆట వ్యాపించుటలో వై.ఎం.సి.ఎ.కు పెద్ద పాత్ర ఉన్నది. 1920లో హెచ్.సి. బక్ గారు మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించారు. అక్కడ చదువుకున్న వ్యాయామోపాధ్యాయులు దక్షిణ దేశమంతటా పాఠశాలలకు వెళ్ళారు. 1934లో మొదటి జాతీయ పోటీలు ఢిల్లీలో జరిగాయి. 1950లో భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. మన ఊరి డ్రిల్లు మాస్టారు గారి ఈలకు వెనుక ఇంత చరిత్ర ఉన్నది.

2. మేజోళ్ళతో మొదలుపెట్టిన కోచ్

ఇప్పుడు మరియొక వ్యక్తిని చూద్దాము. జాన్ వుడెన్ గారు 1910లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రములో, పేద వ్యవసాయ కుటుంబములో పుట్టి, 2010లో, 99 ఏళ్ళ వయస్సులో మరణించారు. వృత్తిరీత్యా ఆయన మొదట ఇంగ్లీషు పంతులు గారు. హైస్కూలులో 11 ఏళ్ళు పాఠము చెప్పి, సాయంత్రము ఆట నేర్పారు. 1948లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ జట్టుకు కోచ్‌గా వచ్చి, 1975 వరకు అక్కడే ఉన్నారు. చివరి 12 ఏళ్ళలో 10 సార్లు ఆయన జట్టు జాతీయ విజేత అయింది. 1971 నుండి 1974 వరకు వరుసగా 88 ఆటలు గెలిచింది.

ఈ అంకెలు అందరూ చెప్పుకొంటారు. చెప్పుకొననిది ఒకటి ఉన్నది. అక్కడికి వచ్చిన తరువాత మొదటి జాతీయ గెలుపు 1964లో, అనగా 16వ ఆటల సంవత్సరములో వచ్చింది. అంతవరకు 15 ఏళ్ళు ఆయన పాత భవనము పై అంతస్తులో, కుస్తీవారితోను, జిమ్నాస్టిక్స్ వారితోను కలిసి వాడుకొనే ఇరుకు గదిలో నేర్పారు. ప్రాక్టీసుకు ముందు ఆయనే చీపురు, తడిగుడ్డ పట్టుకొని నేల శుభ్రము చేయుటలో పాలుపొందేవారు. మన మైదానము బాగులేదు, బోర్డు విరిగింది అని నిరుత్సాహపడేవారు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

ప్రతి సంవత్సరము మొదటి ప్రాక్టీసు రోజున ఆయన దేశములోని గొప్ప యువ ఆటగాళ్ళను కూర్చోబెట్టి ఏమి నేర్పేవారో తెలుసా? మేజోళ్ళు తొడుగుకొనుట! మడమ దగ్గర, చిటికెన వేలి దగ్గర ముడుత లేకుండ చేతితో సవరించుకొనుట. బూటు తాడును ఒక్కొక్క రంధ్రము దగ్గర బిగించుకొంటూ వచ్చి రెండు ముడులు వేయుట. ఏడడుగుల కుర్రవాళ్ళు నవ్వుకొనేవారు. కాని ఆయన తర్కము సులువైనది. ముడుత ఉంటే పాదము రాచుకొని బొబ్బ వస్తుంది. బొబ్బ వస్తే ప్రాక్టీసు పోతుంది. ప్రాక్టీసు పోతే ఆట పోతుంది. చిన్న పని సరిగా చేయనివాడు పెద్ద పని సరిగా చేయలేడు అని ఆయన ఉపన్యాసము చెప్పలేదు. పిల్లల చేత చేయించారు.

ఆయన నియమములు కూడ కొద్దివే. ఆలస్యముగా రాకూడదు. బూతు మాట పలుకకూడదు. తోటి ఆటగాడిని విమర్శించకూడదు. ఇంకొక అలవాటు కూడ నేర్పారు. బంతి బుట్టలో వేసినవాడు, తనకు ఆ బంతిని అందించినవాని వైపు చూసి చేయి చూపించో, తల ఊపో కృతజ్ఞత తెలుపవలెను. వాడు మన వైపు చూడకపోతే ఎలాగని ఒక ఆటగాడు అడిగితే, తప్పకుండ చూస్తాడని ఆయన జవాబు. కృతజ్ఞత కోసము ఎదురుచూడని మనిషి ఉండడు గదా!

3. కోచ్ నోట వచ్చే మాట

1974–75 ఆటల సంవత్సరములో, అనగా ఆయన పదవిలో ఉన్న చివరి సంవత్సరములో, రోనాల్డ్ గాలిమోర్, రోలండ్ థార్ప్ అనే ఇద్దరు మనస్తత్వశాస్త్ర పండితులు 15 ప్రాక్టీసులలో పక్కన కూర్చుండి, వుడెన్ గారు పలికిన ప్రతి మాటను, చేసిన ప్రతి సైగను వ్రాసుకొన్నారు. మొత్తము 2,326 వచ్చాయి. ఇంత గొప్ప కోచ్ ఉత్సాహపరిచే ప్రసంగములు చేస్తుంటాడని, పొగడ్తలతోనో గద్దింపులతోనో నడిపిస్తాడని మనము ఊహిస్తాము. వారు చూచినది వేరు.

ఆ మాటలలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆటగాడికి ఏదో ఒక సమాచారము అందించేవి: ఏమి చేయవలెను, ఎలా చేయవలెను, ఎప్పుడు చేయవలెను. పొగడ్త సుమారు 7 శాతమే. ఉత్త అసంతృప్తి వెలిబుచ్చే మాటలు కూడ సుమారు 7 శాతమే. దీర్ఘ ప్రసంగములు లేనే లేవు. ఒక్కొక్క మాట కొన్ని సెకన్లలో ముగిసేది. తప్పు కనిపించినప్పుడు ఆయన మొదట సరియైన విధము చేసి చూపేవారు. వెంటనే ఆటగాడు చేసిన తప్పు విధము చూపేవారు. మరల సరియైన విధము చూపేవారు. తిట్టిన తిట్టులో కూడ పాఠము ఉండేది.

ఇప్పుడు మన మైదానములలో వినిపించే మాటలను దీని పక్కన పెట్టి చూడండి. "ఏమిరా, కళ్ళు లేవా?" "తిని రాలేదా?" "నీ వల్లనే ఓడిపోయాము!" ఈ మాటలలో పిల్లవాడు రేపు మార్చుకొనదగిన సంగతి ఒక్కటి కూడ లేదు. "మోచెయ్యి బయటికి పోతున్నది, లోపలికి పెట్టు" అన్న మాటలో ఉన్నది. అట్లే "శభాష్" అన్నంత మాత్రమున వాడికి ఏది బాగుందో తెలియదు. "బంతి పట్టుకొనక ముందే తల తిప్పి చూశావు, అది బాగుంది" అంటే తెలుస్తుంది. అరిచే గొంతు తగ్గించుకొనుట ఒక్కటే ఇక్కడి పాఠము కాదు. ప్రతి మాటలో పిల్లవాడు తీసుకొని వెళ్ళదగినది ఒకటి పెట్టవలెను.

ఇట్టి మాటలు అప్పటికప్పుడు పుట్టవు. రెండు గంటల ప్రాక్టీసు కోసము వుడెన్ గారు తన సహాయకులతో కలిసి ఉదయము దాదాపు అంత సమయము కూర్చొని ఏర్పాటు చేసుకొనేవారు. ఏ నిమిషములో ఏ పని, ఎన్ని బంతులు, ఎవరు ఎక్కడ అనేది చిన్న అట్టముక్క మీద వ్రాసుకొని జేబులో పెట్టుకొనేవారు. ఆ రోజున ఏది కుదిరిందో, ఏది కుదరలేదో వ్రాసి దాచేవారు. సండేస్కూలు ఉపాధ్యాయులు పాఠము సిద్ధపడినట్లే కోచ్ కూడ సిద్ధపడవలెను.

4. ఒక నేర్పును నేర్పించే క్రమము

వుడెన్ గారు పాటించిన క్రమము నాలుగు మెట్లది: వివరించుట, చేసి చూపుట, చేయించుట, మరల మరల చేయించుట. నడుమ నడుమ దిద్దుబాటు ఉంటుంది. ఒక ఉదాహరణగా లే-అప్ నేర్పుట చూద్దాము. అనగా పరుగున వచ్చి, ఒంటికాలి మీద లేచి, బోర్డుకు తగిలించి బంతిని బుట్టలో వేయుట.

మొదట ఒక నిమిషము మించకుండ చెప్పండి. కుడి వైపు నుండి వస్తే కుడికాలు, ఎడమకాలు వేసి, ఎడమకాలి మీద లేవవలెను. కుడి మోకాలు, కుడిచెయ్యి కలిసి పైకి లేవవలెను. తరువాత మీరే చేసి చూపండి. లేక బాగా వచ్చిన పిల్లవాడిచేత చూపించండి. తరువాత పిల్లలచేత బంతి లేకుండ ఆ రెండడుగులు నడిపించండి. అది వచ్చిన తరువాత బంతితో, నడకతో. అది వచ్చిన తరువాత పరుగుతో. చివరకు ఎదుటివాడు అడ్డు వస్తుండగా. ఒక మెట్టు నిలువక ముందే రెండవది ఎక్కిస్తే పిల్లవాడు ఏదో ఒకటి చేసి నెట్టుకొస్తాడు. ఆ తప్పు ఎముకల్లో ఇంకిపోయిన తరువాత తీయుట కష్టము.

చిన్న పిల్లలకు పెద్దల కొలతలు పెట్టరాదు. పెద్దల రింగు ఎత్తు 3.05 మీటర్లు. 12 ఏళ్ళ లోపు పిల్లలు ఆడే మినీ బాస్కెట్‌బాల్‌లో రింగు 2.60 మీటర్ల ఎత్తున ఉంటుంది. బంతి 5వ నంబరుది. పెద్ద అబ్బాయిలకు 7వ నంబరు, అమ్మాయిలకు 6వ నంబరు బంతి. పదేళ్ళ పిల్లవాడికి 7వ నంబరు బంతి ఇచ్చి పెద్ద రింగుకు వేయమంటే, వాడు నడుము దగ్గరనుండి రెండు చేతులతో విసురుతాడు. అది వాడి తప్పు కాదు. ఇచ్చిన బంతి తప్పు.

ఎగిరిన తరువాత దిగుట కూడ నేర్పవలెను. మోకాళ్ళు కొద్దిగా వంచి, రెండు పాదముల మీద మెత్తగా దిగవలెను. మోకాళ్ళు లోపలికి వాలకూడదు. మోకాలి లోపలి లిగమెంటు తెగుట ఈ ఆటలో అబ్బాయిలకంటె అమ్మాయిలకు ఎక్కువగా జరుగుతుంది. ప్రాక్టీసుకు ముందు పది నిమిషములు ఇట్టి వ్యాయామములకు ఇచ్చుట వృథా కాదు. వేసవి ఎండలో మిట్టమధ్యాహ్నము ఆడించుట, నీళ్ళు అడిగితే శిక్షగా నిరాకరించుట ప్రమాదము, ఎవరును చేయరాదు.

5. బెంచీ మీద కూర్చున్నవాడు

ఒక జట్టులో 12 మంది ఉంటే కోర్టులో ఆడేది అయిదుగురే. తక్కిన ఏడుగురి సంగతి ఏమిటి? ఒక కోచ్ ఎట్టివాడో తెలిసికొనవలెనంటే బెంచీ మీద కూర్చున్న పిల్లవాడి ముఖము చూడవలెను.

వుడెన్ గారి జట్టులో స్వెన్ నేటర్ అనే యువకుడు ఉండేవాడు. నెదర్లాండ్స్‌లో పుట్టి, కొంతకాలము అనాథాశ్రమములో గడిపి, తరువాత అమెరికాకు వచ్చినవాడు. అతని స్థానములోనే బిల్ వాల్టన్ అనే మహా ఆటగాడు ఉన్నాడు. గనుక ఆటలో నీకు ఎక్కువ సమయము దొరకదు, కాని ప్రతి రోజూ ఈ దేశములోకెల్ల మంచి సెంటరు ఆటగాడితో తలపడి నేర్చుకొంటావు అని వుడెన్ గారు ముందుగానే దాచకుండ చెప్పారు. నేటర్ కళాశాలలో ఒక్క ఆటలో కూడ మొదటి అయిదుగురిలో లేడు. అయినా 1973లో వృత్తి జట్లు అతనిని మొదటి విడతలోనే ఎన్నుకొన్నాయి. మరుసటి ఏడు తన లీగులో ఉత్తమ కొత్త ఆటగాడుగా బహుమానము పొందాడు. తరువాత తన గురువు బోధనా విధానము మీద గాలిమోర్ గారితో కలిసి పుస్తకము వ్రాశాడు.

ఇక్కడ రెండు సంగతులు ఉన్నవి. కోచ్ నిజము చెప్పారు. ఆశ చూపి మోసము చేయలేదు. అట్లే, ఆడనివాడికి కూడ ఆడేవాడితో సమానముగా నేర్పారు. మన జట్లలో బెంచీ పిల్లలు నీళ్ళ సీసాలు మోయుటకే అన్నట్లు ఉండరాదు. ప్రాక్టీసులో వారికి సమానముగా బంతి అందవలెను.

6. కోర్టు వెలుపల

పిల్లవాడు రోజులో రెండు గంటలు కోర్టులో ఉంటే, 22 గంటలు బయట ఉంటాడు. గనుక ఈ భాగము ముఖ్యమైనది.

చదువు: వుడెన్ గారు పంతులుగా పనిచేసిన తొలి రోజులలో ఒక సంగతి ఆయనను బాధించింది. పక్కింటి పిల్లవాడికి మధ్యరకము మార్కులు వస్తే సరే అనుకొనే తల్లిదండ్రులు, తమ బిడ్డకు అవే మార్కులు వస్తే పిల్లవాడో, పంతులో తప్పు చేసినట్లు భావించేవారు. అప్పుడు ఆయన ఆలోచించి, 1934లో జయమునకు తన సొంత అర్థము వ్రాసుకొన్నారు: నీకు సాధ్యమైనంతలో శ్రేష్ఠముగా చేయుటకు పూర్తి ప్రయత్నము చేశానని నీకు తెలిసినప్పుడు కలిగే మనశ్శాంతియే జయము. ఎదుటివానికంటె ఎక్కువ రావడము కాదు. మన ఇళ్ళలో పదవ తరగతి రాగానే ఆట మానిపించుట సాధారణము. పూర్తిగా మానిపించుటకంటె కోచ్, తల్లిదండ్రులు కూర్చొని గంటలు పంచుకొనుట మేలు. పరీక్షల నెలలో ప్రాక్టీసు తగ్గించే కోచ్ మాటను పిల్లవాడు మిగిలిన నెలల్లో కాదనడు.

నిద్ర: 2011లో ప్రచురించిన ఒక పరిశీలనలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన 11 మంది బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు అయిదు నుండి ఏడు వారముల పాటు రాత్రి 10 గంటలు పడకమీద ఉండుటకు ప్రయత్నించారు. వారి ఫ్రీ త్రోలు 9 శాతము మెరుగుపడ్డాయి. పరుగు వేగము కూడ పెరిగింది. పరిశీలన చిన్నదే. అయినా అర్ధరాత్రి వరకు సెల్‌ఫోను చూసే మన పిల్లలకు ఇది చెప్పదగినది.

న్యాయము: 1947లో వుడెన్ గారు ఇండియానాలోని ఒక కళాశాల జట్టును నడిపించుచుండగా, జాతీయ పోటీకి ఆహ్వానము వచ్చింది. కాని నల్లజాతి ఆటగాళ్ళకు ప్రవేశము లేదని నియమము. ఆయన జట్టులో క్లారెన్స్ వాకర్ అనే నల్లజాతి యువకుడు ఉన్నాడు. అతడు ముఖ్య ఆటగాడు కాదు. వదిలిపెట్టి వెళ్ళినా ఎవరూ అడగరు. వుడెన్ గారు ఆహ్వానమునే నిరాకరించారు. మరుసటి సంవత్సరము ఆ నియమము మారింది. వాకర్ ఆ పోటీలో ఆడాడు. భాష, కులము, ఊరు పేరిట ఒక పిల్లవాడిని పక్కన పెట్టమని ఒత్తిడి వచ్చినప్పుడు జట్టంతా కోచ్ వైపే చూస్తుంది. ఆ దినమున ఆయన చేసినదే వారికి జీవితకాలపు పాఠము.

బయటి మనుష్యులు: మంచి గురువులకు కూడ చూపు అందని చోటు ఉంటుంది. వుడెన్ గారి జట్టు చుట్టు ఒక ధనవంతుడు చేరి, నియమములకు విరుద్ధముగా ఆటగాళ్ళకు కానుకలు, సహాయములు చేసేవాడు. వుడెన్ గారు పదవి విడిచిన తరువాత, 1981లో, క్రీడా సంఘము ఆ విశ్వవిద్యాలయము మీద చర్య తీసుకొన్నది. వుడెన్ గారి మీద నేరము మోపలేదు గాని, ఇంకా జాగ్రత్తగా చూడవలసినదని అనేకులు అన్నారు. మన పిల్లలకు కూడ ఖరీదైన బూట్లు కొనిచ్చేవారు, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగము ఇప్పిస్తామని డబ్బు అడిగేవారు, వయస్సు తగ్గించి సర్టిఫికెట్టు తెస్తామనేవారు ఎదురవుతారు. రైల్వేలోను, ఇతర శాఖలలోను క్రీడాకారులకు ఉద్యోగములు ఉన్న మాట నిజమే. అవి బహిరంగ ప్రకటన ద్వారా, పరీక్షించి ఇచ్చేవి. దొంగ సర్టిఫికెట్టుతో ఆట మొదలుపెట్టిన పిల్లవాడికి కోచ్ ఇక ఏ నీతి నేర్పగలడు?

పిల్లల భద్రత: ఇది సిగ్గుపడి దాచవలసిన విషయము కాదు. ఏ కోచ్ అయినా, ఎంత మంచివాడైనా, ఒక పిల్లవాడితోగాని అమ్మాయితోగాని మూసిన గదిలో ఒంటరిగా ఉండరాదు. బయటి ఊరికి జట్టు వెళ్ళినప్పుడు అమ్మాయిల వెంట ఒక స్త్రీ తప్పక ఉండవలెను. తల్లిదండ్రులు ఎప్పుడు వచ్చి ప్రాక్టీసు చూచినా అభ్యంతరము ఉండరాదు. పిల్లలు ఏదైనా చెప్పినప్పుడు "పెద్దాయన మీద అలా అనకూడదు" అని నోరు మూయించవద్దు, వినవలెను. 18 ఏళ్ళ లోపు పిల్లల రక్షణకు 2012లో పోక్సో చట్టము వచ్చింది. సహాయమునకు 1098 నంబరు ఉన్నది.

అమ్మాయిలు: పెండ్లి కాగానే, బిడ్డ పుట్టగానే ఆట ముగిసిందని అనుకొంటాము. చెన్నైకి చెందిన అనితా పాల్‌దురై గారు భారత మహిళా జట్టుకు నాయకత్వము వహించి, తల్లి అయిన తరువాత కూడ మరల కోర్టుకు వచ్చి దేశము తరఫున ఆడారు. 2021లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. మన ఇంటి ఆడపిల్ల బంతి పట్టుకొని బయలుదేరినప్పుడు ఈ పేరు తలంచుకొనవలెను.

7. ముగింపు మాట

మన జట్లలో ఆడే పిల్లలలో నూటికి ఒకరైనా దేశము తరఫున ఆడతారో లేదో. తక్కినవారందరు గుమస్తాలు, నర్సులు, డ్రైవర్లు, ఉపాధ్యాయులు, వ్యాపారులు అవుతారు. వారికి కప్పులు గుర్తుండవు. సమయానికి వచ్చే అలవాటు, తప్పును దిద్దుకొనే అలవాటు, సహాయము చేసినవానిని గుర్తించే అలవాటు మిగులుతాయి. లేదా, అవమానపడిన జ్ఞాపకము మిగులుతుంది. రెండింటిలో ఏది మిగలవలెనో కోచ్ చేతిలో ఉన్నది. అందుచేత కోచ్ పని బోధన. గెలుపు ఆ బోధన వెంట వస్తే సంతోషము, రాకపోయినా బోధన వృథా కాదు.

గ్రామాలు విడిచి పరభాషా ప్రాంతములలో స్థిరపడిన మన పెద్దలకు ఒక సంగతి బాగా తెలుసు. కొత్తచోట మనిషిని నిలబెట్టేది బలము కాదు, నడవడి. అదే మన పిల్లలకు కోర్టులో అందనిద్దాము.

ఆలోచనకు ప్రశ్నలు

1. మీ ఊరిలో పిల్లలకు ఆట నేర్పేవారు ఎవరు? వారిని ఎప్పుడైనా కలిసి మాట్లాడారా?

2. ఒక సాయంత్రము ప్రాక్టీసు చూడండి. పది నిమిషములలో కోచ్ పలికిన మాటలలో పాఠము ఉన్నవి ఎన్ని, ఉత్త కేకలు ఎన్ని అని లెక్క వ్రాయండి. ఇంట్లో మీ మాటలను కూడ అట్లే లెక్కించండి.

3. మీ జట్టులో బెంచీ మీద కూర్చునే పిల్లవాడికి ఈ నెలలో ఏమి నేర్పారు?

4. జట్టు బయటి ఊరికి వెళ్ళినప్పుడు పిల్లల భద్రతకు మీరు పెట్టుకొన్న నియమములు ఏవి? అవి వ్రాసి ఉన్నవా?

5. వుడెన్ గారు జయమునకు ఇచ్చిన అర్థము ప్రకారము, మీ బిడ్డ ఈ సంవత్సరము దేనిలో జయము పొందాడు? ఆ మాట బిడ్డకు చెప్పారా?

ఈ ప్రశ్నలను యౌవనస్థుల కూటమిలోను, తల్లిదండ్రుల సమావేశములోను చర్చించుకొనవలెనని కోరుచున్నాము. మీ ఊరి కోర్టులో శ్రద్ధగా నేర్పే గురువు ఎవరైనా ఉంటే, ఈ పాఠము చదివిన తరువాత ఒకసారి వెళ్ళి కృతజ్ఞత చెప్పిరండి. ఆయన కూడ తప్పకుండ మీ వైపు చూస్తారు.